నీలం పోగు

మంగళవారం వద్దంటుంది కోడలు తుదా,
ఆ రోజు బస్సు నిండా సంతకెళ్లే మేకలేనట.
బుధవారమైతే మోహా తోలతాడు,
కొండ మలుపుల్లో
పాట ఆపి దారి చూసేవాడు వాడొక్కడే.

సరే, బుధవారం.
తెల్లారకముందే మసీదు కింద నిలబడాలి.
మర్రకేష్‌లో బస్సు మారాలి,
ఎవరు పిలిచినా పలకకూడదు,
ముఖ్యంగా మూట మోస్తామనేవాళ్లకి.
అక్కణ్ణించి మూడు గంటలు.
కుడివైపు కూర్చోమని ఒకరు, కాదు ఎడమేనని ఒకరు.
సముద్రం ఏ పక్క మొదలవుతుందో
మా ఊళ్లో ఇద్దరికే తెలుసు,
ఆ ఇద్దరికీ పడదు.

నాకు యాభై తొమ్మిది.
అందులో నలభై మగ్గం ముందే గడిచాయి.
తివాచీ అంచున నీలం వంకీలు నేస్తే
కొనడానికొచ్చే సి లహ్‌సెన్ వేలు పెట్టి చూపేవాడు:
"ఇదుగో, సముద్రం.
ఎస్సావిరాలో దొరలు దీన్నే అడుగుతారు."
నేను నేసేది సముద్రమని
వాడు చెబితేనే తెలిసింది.
మా అమ్మ దాన్ని పాము జాడ అనేది.
వాళ్లమ్మ ఏమీ అనేది కాదు, నేసేది.

ఎన్ని మూరల సముద్రం అమ్మానో!
ఆ డబ్బుతో ఇంటికి దూలాలొచ్చాయి,
హమ్మూ కంటికి ఆపరేషనైంది,
ఒక గాడిద, అది చచ్చాక ఇంకో గాడిద.
అంత సముద్రం నా చేతుల మీదుగా పోయింది,
వేలికి తడి తగల్లేదు.

"చూసేదేముంది" అంటాడు హమ్మూ,
"నీళ్లేగా. అవీ ఉప్పువి."
బాగుచేయించిన కన్నుతోనే నన్ను చూస్తూ.

తుదా ఒక వేసవంతా అక్కడి హోటల్లో దుప్పట్లు ఉతికింది.
"పిండక్కర్లేదత్తా, ఆరేస్తే చాలు, అంత గాలి.
తలగుడ్డకి రెండు ముళ్లు వెయ్యి.
కోటగోడ మీద ఫిరంగులు వరసగా
నీళ్ల వైపు నోళ్లు తెరుచుకుని ఉంటాయి,
వాటి మీదెక్కి పిల్లలు గుర్రమాట ఆడతారు.
తెల్లటి పిట్టలు పిల్లి గొంతుతో అరుస్తాయి,
చేతిలో రొట్టె ఉంటే అది నీది కాదనుకో.
రేవులో చేప కాల్చిస్తారు, ధర ముందే అడుగు.
పడవలన్నీ నీలం..."
ఆగమన్నాను.
అంతా నువ్వే చెప్పేస్తే
నేను బస్సెక్కడం దేనికి?

కానీ పడవలు నీలమని విన్నప్పట్నించీ నిద్ర లేదు.
ఏ నీలం?
నేను రంగు అద్దే నీలమా,
హమ్మూ పాత చొక్కా నీలమా,
దెబ్బ తగిలిన మర్నాటి మోకాలి నీలమా?

మూటలో బార్లీ రొట్టెలు ఆరు,
ఉడకేసిన గుడ్లు, మోకాలికి తైలం,
రెండు రాత్రులు చోటిస్తానన్న ఇజ్జాకి తేనె సీసా.
ఇవన్నీ తుదా లెక్కబెట్టింది.

లెక్కలోకి రానిది నా రవికెలో ఉంది,
జానెడు నీలం పోగు.

గడియారం గోపురం పక్క సందులో అంగడి అని
సి లహ్‌సెన్ ఎప్పుడో నోరు జారాడు.
కొనేదానిలా లోపలికెళ్తాను.
ఎంత అంటాను.
ఎంత చెప్పినా కళ్లార్పను.
తివాచీ తిరగేసి చూస్తానంతే.
పిల్లాడికి జ్వరమొచ్చిన ఏడాది
వంకీలన్నీ ఎడమకి ఒరిగిపోయాయి,
అది దొరికితే ఒక్కసారి చేత్తో తడిమి వచ్చేస్తాను.

తరవాత గోడెక్కి,
ఫిరంగికి ఆనుకుని,
పోగు తీసి గాలికి పోకుండా రెండు చేతులా పట్టుకుని
నీళ్లకి ఎదురుగా పెడతాను.
కలిస్తే సరే.
కలవకపోతే, ఇన్నేళ్లూ
దొరల గోడల మీద వేలాడుతున్నది పాము జాడే.
మా అమ్మ గోరీలో పడీపడీ నవ్వుతుంది.

మర్రకేష్ నించి మా కొండకి
తిరుగు బస్సు శుక్రవారం నాలుగింటికి.
అది తప్పితే మళ్లీ ఆదివారమేనట.
తుదా రెండుసార్లు చెప్పింది.
నేను మూడోసారి కూడా అడిగాను.