నాలుగు జీబీల కాడ

పరకాల బస్టాండు ఎదురు మా దుకాణంల
చేరాలు తాత పెన్‌డ్రైవు బల్ల మీద పెట్టిండు.
"రాత్రంత చెప్పిన బీరప్ప కథ
ఓదెలు హోటల్ టీవీల ఆడాలె బిడ్డా."

ఏ తీరుగ ఫార్మాట్ చేద్దామని కంప్యూటరడిగింది.
ఎన్‌టీఎఫ్‌ఎస్ అంటే ఆ పాత టీవీకి సమజ్ గాదు,
ఎక్స్‌ఫ్యాట్ అన్నా గుడ్లు తేలేస్తది.
ఇగ మిగిలింది ఫ్యాట్ ముప్పై రెండు,
ఎవలింటికి పోయినా కూసోబెట్టే పాత సుట్టం,
గని నాలుగు జీబీలు దాటిన ముద్ద దాని గొంతు దిగది.
కథేమో ఆరు.

కొయ్యాలె.
నేనైతే సగానికి లెక్క కట్టి మౌసు పట్టిన.
"ఆగు" అన్నడు.
కండ్లు మూసుకున్నడు. పెదిమెలు
రాత్రి ఎంబడి ఉరుకుతున్నయి.
"కామరాతి పేరు ఇన్నంక డోలు సల్లబడ్డది,
మంట కాడ కాపుకున్నం.
ఆడ కొయ్యి, ఆడ కథకు నొయ్యది."

జరుపుకుంట పోయి సూసిన:
గడ్డి మంట, బోర్లిచ్చిన డోలు,
పక్కన ఎవలో బీడీ ముట్టించుకుంటున్నరు,
రెండు నిమిషాలు మాటే లేదు.

బీర ఒకటి, బీర రెండు అని పేర్లు పెట్టిన.
వాటి నడుమ టీవీ జరసేపు నల్లబడుతదంటే
తాత నవ్విండు,
"మంచిదే,
ఓదెలు అప్పుడు చాయ్ అమ్ముకుంటడు."