జానెడు

వెర్డెన్ ఊరి చివర, ఇసుకలో ఇంకా మంచు పొడి.
ఫ్రౌకె అడుగులతో కొలిచి మూడు దుంగలు పరిచింది;
నాలుగోదాన్ని పాత టైర్ల మీద
జానెడెత్తున నిలిపింది.

మూడింటినీ ఎక్కం అప్పజెప్పినట్టు
టకటకా దాటేస్తుంది డిస్టెల్.
నాలుగోదాని ముందు మాత్రం
నాలుగు కాళ్ళూ పాతేస్తుంది.

"పగ్గం బిగించకు" అనేవాడు నాన్న,
తను బిగిస్తూనే.

ఆరోసారి
ఫ్రౌకె వేళ్ళు వదులు చేసి
దుంగని కాక, దూరంగా మలుపు తిరుగుతున్న
పాల లారీని చూసింది.

ఒక్కసారిగా కింద నేల లేదు.
జానెడు కర్రకి
గుర్రం ఇల్లంత ఎగిరింది!
రికాబు జారి, జూలు పట్టుకుని,
అరవయ్యేళ్ళ ఫ్రౌకె పకపకా నవ్వు.

ఇసుకలో పడ్డ ఆమె చేతితొడుగుని చూసి
ఇప్పుడు బుసకొడుతోంది డిస్టెల్,
దాటనంటే దాటనని.