వద్దు ఎనుక నడిచొస్తది

కాజీపేట యార్డుల నా మొదటి రాత్రి డ్యూటీ.
సెట్టు చేతికిచ్చుకుంట ఓదెలు కాక అన్నడు:
మక్కకంకి కాదు బిడ్డా, కొరకకు.
నోటికి నాలుగేళ్ళ దూరం పెట్టు.

కొలిచి చూపెట్టిండు ఎడమచేత్తోని.
ఆ చేతికి బొటనేలు గాక రెండే వేళ్ళు.
రెండుసార్లు పెట్టి కొలిచిండు.

బటన్ నొక్కంగనే మాట దుంకియ్యకు.
ఒక్క ఊపిరి ఆగు.
గాలి తలుపు తీసేటాలకు
నీ మొదటి అక్షరం బయటనే నిలవడ్తది.
ముందుగాల ఎవలను పిలుస్తున్నవో వాళ్ళ పేరు,
ఎనుక నీ పేరు, ఆ ఎనుక పని.
ఒర్రకు. ఒర్రితె మాట పగులుతది,
ఇంజిన్ల ఉన్నోనికి పెంకులే అందుతయి.

నేను చిట్టీ మీద రాసుకుంటుంటె నవ్విండు.
రాస్తె రాదిది. డబ్బాలు లెక్కవెట్టుకుంట పో.
పది. ఎనిమిది. ఐదు.
నీ గొంతు ఇనవడ్డంత సేపే బండి కదులుతది.
నడిమిట్ల తెగిందా, జోజిరెడ్డి బ్రేకేస్తడు.
ఈడ సప్పుడు లేకపోవుడు సుత ఒక మాటనే.

తెల్లారగట్ల, చాయ్ దగ్గర,
అడుగుదామా వద్దా అనుకుంటనే
అడిగిన, వేళ్ళ సంగతి.

మంచు, బిడ్డా. సోమిడి దిక్కు
నా చెయ్యి నాకే కనవడలే.
కప్లింగ్ సగంల ఉన్న. రావద్దు అన్న.
పూరాగనే అన్న, ఒట్టు.
బొటనేలు మాత్రం నోటికన్న ముందు లేచింది.
అవతల ఇన్నది "రా".

శానసేపు గ్లాసుల చూసుకుంట కూసున్నడు.

మన మాటల్ల వద్దు తోకకే ఉంటది.
రా, పో, కదుపు, వదులు, అన్నీ ముందుగాల ఉరుకుతయి.
వద్దు ముసల్దాని లెక్క ఎనుక నడిచొస్తది.
దాన్ని ఎక్కించుకున్నంకనే వేలెత్తు.

ఆ రాత్రి ఇంజిన్ల ఎవలున్నరని నేనడగలే.
కాని జోజిరెడ్డి ఏ మాటకూ ఒక్కసారికి కదలడు.
"సుగుణా, రా అన్నవా, రావద్దన్నవా?"
దినాం అడుగుతడు,
ఎండకాలం పట్టపగలు,
ఎదురుంగ నేను కనవడుతున్నా సుత.
కొత్తగ వచ్చిన పోరగాండ్లు నవ్వుతరు.

కాక రిటైరై జమ్మికుంట పోయిండు.
ఫోన్ల సుత మాట ఆపంగనే "ఓవర్" అంటడు,
అన్నంక నేను మాట్లాడేదాక
పెట్టెయ్యడు.

ఈ రాత్రి మళ్ళ మంచు.
బొగ్గుబండి, నలభై రెండు డబ్బాలు,
ఇనుము మీద చేతులు అతుక్కుంటున్నయి.
బఫర్ల నడుమ వంగి
బటన్ నొక్కి, ఊపిరి ఆగి,
ఆయన పేరు చెప్పి, నా పేరు చెప్పి,
రావద్దు అన్న.
ద్దు దాక అన్న.
అన్నంక సుత వేలు తియ్యలే.

తీసినంక గరగరమనుకుంట జోజిరెడ్డి గొంతు:
రావద్దు, సమజైంది.
మాట అయిపోయి ఎంతసేపాయె పిల్లా,
ఉత్త నీ ఊపిరే ఇనవడ్డది.

ఇనవడనీ, అన్న.
ఓవర్.