మొదటి గడి

హాలిఫాక్స్‌లో కొండవాలు మీది బడి.
మూడో తరగతిలో సహాయకురాలిని నేను.
మెడలో తాడు, తాడుకి నా ఫొటో,
చేతిలో మూడు గళ్ళ కాగితం.
ముందు ఏం జరిగింది,
అప్పుడు వాడేం చేశాడు,
తర్వాత మనమేం చేశాం.

రెండో గడి ఇట్టే నిండిపోయేది.
జెత్రో కుర్చీ తన్నాడు. బల్ల కింద దూరాడు.
పెన్సిల్ని కొరికి రెండు చేశాడు.
ఎస్మీ వేసుకున్న బొమ్మ మీద నీళ్ళు ఒంపాడు.
చోటు చాలక అంచుల్లో రాసేదాన్ని,
చీమల బారులా.

మూడో గడీ తేలికే.
బయటికి పంపాం. ఆట మాన్పించాం.
వాళ్ళమ్మకి ఫోన్ చేశాం.
ఫ్యాక్టరీ షిఫ్టు మధ్యలోంచి
నెత్తిన వల టోపీతోనే వచ్చిందావిడ.
ఏం జరిగిందో వినకముందే
క్షమించమంది.

మొదటి గడిలో మాత్రం
పన్నెండు కాగితాల్లో పన్నెండుసార్లు
నా చేతిరాతే:
ఏమీ లేదు.

మార్చిలో ఒక బుధవారం
వాడు బల్ల కింద దూరితే
నేనూ దూరాను.
నలభయ్యారేళ్ళ మోకాళ్ళు
ఒకదాని తర్వాత ఒకటి సణిగాయి.
మాట్లాడలేదు.
మండుతున్నప్పుడు మంచిమాట కూడా కిరసనాయిలే.

ఎవరెవరో అంటించిన చూయింగ్ గమ్ముల కింద
వాడి ఊపిరి పక్కన నా ఊపిరి పెట్టుకుని
కూర్చున్నాను.
అప్పుడు వినిపించింది
ట్యూబులైటు.

ఒకటే రొద. జోరీగ.
ఇన్ని నెలలూ నా చెవి దాన్ని దులిపేసుకుంటూనే ఉందన్నమాట.
వాడి చెవికి తలుపు లేదు.
గోడవతల చేతులారబెట్టే యంత్రం
బుస్సుమన్నప్పుడల్లా వాడి భుజాలు
చెవుల దాకా లేచాయి.
పదీ నలభైకి వంటగదిలోంచి గ్రేవీ వాసన.
సాక్సు లోపల కుట్టు ఒకటి, బొటనవేలి దగ్గర.
పైగా ఇవాళ బుధవారం,
బుధవారం ఈత,
ఈత లేదని పొద్దున్నే అందరికీ ఒక్కసారి చెప్పాం.
అందరికీ అంటే
వాడికి చెప్పినట్టు కాదు.

ఆ సాయంత్రం పదమూడో కాగితం.
మొదటి గడి చాల్లేదు,
వెనక్కి తిప్పి రాశాను.

రాస్తుంటే గుర్నాథం వచ్చి నిలబడ్డాడు.
మా ఐదో తరగతి. క్లాసు లీడర్ని నేను.
సారు లేనప్పుడు అల్లరి చేసేవాళ్ళ పేర్లు
బోర్డు మీద రాసేదాన్ని.
నా సుద్దముక్క కీచుమనేది.
కీచుమన్నప్పుడల్లా గుర్నాథం
చెవులు మూసుకుని మూలిగేవాడు.
మూలిగినందుకు వాడి పేరు రాసేదాన్ని,
అదే సుద్దతో,
ఇంకా గట్టిగా నొక్కి.
సారొచ్చి గోడకుర్చీ వేయించేవారు.
వాడి పిక్కలు వణకడం చూసి
ముందు నవ్వింది కూడా నేనే.

అంత చిన్నప్పుడే నేర్చుకున్నాను
రెండో గడి నింపడం.

మిసెస్ హోల్‌రాయిడ్ కాగితం రెండువైపులా చదివింది.
ఏమీ అనలేదు.
కళ్ళజోడు తీసి పైకి చూసింది,
లైటు కేసి, చాలాసేపు.
మర్నాడు బోర్డు మూల ఆ రోజు ఏమేం ఉన్నాయో
బొమ్మలు వేసి అతికించింది.
జెత్రోకి పసుపు కార్డు ఇచ్చింది:
బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళొచ్చు,
ఎందుకని ఎవరూ అడగరు.
మొదటిరోజు తొమ్మిదిసార్లు వెళ్ళాడు.
ఎనిమిదిసార్లు నిజమో కాదో చూసుకోవడానికే అనుకుంటాను.

మహత్తులేం జరగలేదు.
శుక్రవారం స్కేలు విసిరాడు, నా మోచేతికి తగిలింది.
రాత్రి మా ఆయన ఐసు పెడుతూ
ఇంకో ఉద్యోగం చూసుకోరాదా అన్నాడు.

ఈస్టర్ సెలవుల తర్వాత
డెరెక్ నిచ్చెనేసుకుని ట్యూబు మార్చాడు.
జెత్రో కింద నిలబడి
మెడ వెనక్కి వాల్చి విన్నాడు,
వైద్యుడు గుండె విన్నట్టు.

"ఇదీ అరుస్తోంది," అన్నాడు.
"కాకపోతే
కాస్త మర్యాదగా."

కాగితం తీసి
మొదటి గడిలో
ఆ మాటే రాసుకున్నాను.