మెత్తని వారం

పెరంబూరులో, మేడమీది అద్దెగదిలో
ఎడమ దవడ పూరీలా పొంగింది.
డాక్టరు చీటీలో: వేడి వద్దు, కారం వద్దు, స్ట్రా అసలే వద్దు.
గోంగూర జాడీని పై అరలో
లేబులు గోడవైపు తిప్పి పెట్టాను.

కింది వాటా సెణ్బగం
ఎనిమిది నెలల కొడుక్కి చిదిపిన ఇడ్లీలో
సగం నాకు పంపింది.
మొదటిరోజు సిగ్గేసింది.
రెండోరోజు నేనే గిన్నె పట్టుకుని మెట్లు దిగాను.

చల్లారిన రాగిజావ,
పప్పుకట్టు పోసి మెదిపిన అన్నం,
మీగడపెరుగులో మునిగిన అరటిపండు.
ఇన్నేళ్ళూ నమలడమే తిండనుకున్నాను,
నాలుక్కి ఇంత పని వచ్చని తెలీదు.

వాడు చొంగ కారుస్తూ నన్నే చూస్తాడు.
నాకూ కారుతోంది,
వాచిన పెదవి మూతపడక.
"వలిక్కుదా?" అంటుంది సెణ్బగం.
తలూపితే నొప్పి,
ఊపకపోతే ఇంకో గరిటె.

ఐదోరోజు వాడి కింది చిగుళ్ళ మీద
నూకగింజంత తెల్లగా ఏదో.
తడిమి చూడమని నా వేలు లాగి వాడి నోట్లో పెట్టింది.

కొరికాడు.

అబ్బా! అన్నాను,
ఈ వారంలో మొదటిసారి
నోరంతా తెరిచి.