పదిహేడో టేపు

ఔలులో మధ్యాహ్నం రెండింటికే పొద్దు గుంకింది.
హెడ్‌ఫోన్లలో వెయిక్కో, కలప లారీ డ్రైవరు,
దగ్గుతున్నాడు. కుర్చీ కిర్రుమంటోంది.

నా పని గీతలు పెట్టడం.
మానాలన్న మాటకు కుడి పక్క,
తాగకుండా ఉండలేనన్న మాటకు ఎడమ పక్క.
ఎడమ పక్క ఎప్పుడో నిండింది.
"మానేస్తే మంచిదే." "మానాలి లెండి."
"చూద్దాం."
చూద్దాం అన్నదానికి గడి లేదు.

ఇర్మెలి నచ్చజెప్పదు.
అతని మాటనే కాస్త తుడిచి
అతని చేతికే ఇస్తుంది:
"రాత్రి బండెక్కాలంటే భయమేస్తోంది మీకు."

పదకొండు సెకన్లు టేపు ఊరికే తిరిగింది.

"షెడ్డు తాళంచెవి...
నిన్న చెల్లెలికిచ్చేశాను."

మానతాననలేదు.
తాళంచెవిది ఏ పక్కో నియమాల్లో రాసిలేదు.
పెన్సిలు కుడి పక్కనే గీసింది, కాగితం చిరిగేలా.

ఆరునెలల ఫారం ఇంకా రాలేదు.
రోజూ పోస్టుపెట్టె తెరుస్తున్నాను,
లెక్కలు రాసేవాళ్ళు చెయ్యకూడని పని.