కుక్కకీ నక్కకీ

ఇరవై నాలుగో నంబరు బస్సు, పై అంతస్తు, ముందు సీటు.
ఈ ఊళ్లో అరవై దాటినవాళ్లు కూడా
ఈ సీటుకి పిల్లల్తో పోటీ పడతారు.
కూర్చున్నాక మాత్రం
దారిన పోయే దానయ్యల్లా మొహం పెడతారు.

ఇవాళ నాకు దొరికింది.
పక్కన ఊదారంగు టోపీ పెట్టుకున్న ముసలామె,
ఆమె ఒళ్లో మూతి నెరిసిన కుక్క. పేరు బార్నబీ.

పార్లమెంటు గడియారం దగ్గర ఎండ.
ట్రఫాల్గర్ సింహాల దగ్గర వాన.
ఛారింగ్ క్రాస్ రోడ్డు ఎక్కేసరికి రెండూ కలిసి
అద్దం మీద జీలకర్రా బెల్లంలా అతుక్కున్నాయి.

నా నోరు ఊరుకోలేదు.
"మా భాషలో దీన్ని
కుక్కకీ నక్కకీ పెళ్లి అంటారు" అన్నాను.

ఆమె నవ్వలేదు.
లండన్‌లో నవ్వుని గొడుగులా మడిచి
చంకలో పెట్టుకుంటారు.
"ముహూర్తం ఎన్నింటికి?"
"వాన వెలిసేలోపు."
"అయ్యో, వీడికి ఈ వారం స్నానమే లేదే.
పిల్లది ఏ పేట?"
"కామ్డెన్. కాలవగట్టున, చెత్తడబ్బాల వెనక."
"అక్కడ అద్దెలు మండిపోతున్నాయి" అని
ఆమె కాసేపు నిజంగానే ఆలోచనలో పడింది.

వెనక సీటు కుర్రాడు
చెవుల్లో పాట పీకేసి, ఒళ్లో ట్రంపెట్ పెట్టె తట్టాడు:
"బాజాకి నేనొస్తా. భోజనం పెడితే చాలు."
మెట్లు దిగబోతున్న కోటాయన ఆగి
"అక్షింతలకి క్యూ ఎటు నుంచి?" అన్నాడు.

పదకొండేళ్లుగా ఉంటున్నాను.
ఈ ఊరు నాతో కలిసి
ఒక అబద్ధం ఆడటం ఇదే మొదటిసారి.

మార్నింగ్‌టన్ క్రెసెంట్ దగ్గర వాన వెలిసింది.
అంతే.
పందిరి విప్పేసినట్టు
ఎవరి ఫోన్లోకి వాళ్లు వెళ్లిపోయారు.
ఆమె లేచి, కుక్కని చంకకెత్తుకుని,
"ఏమీ అనుకోకండి,
మావాడికి ఎదురింటి పిల్లితో మాటైపోయింది" అని
మెట్లు దిగింది.

అప్పుడు చూశాను, భుజాలు కదులుతున్నాయి.
గొడుగు విచ్చుకుంది.

రాత్రి పన్నెండున్నరకి చెత్త బయట పెట్టబోతే
గోడ మీద నక్క.
తడి తోక కాళ్ల చుట్టూ పొందిగ్గా సర్దుకుని
వీధి చివరికి ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

ఏం చెప్పను?
మగపెళ్లివారు హాంప్‌స్టెడ్ దాటలేదనా?

డబ్బా మూత
కొంచెం తెరిచే ఉంచి లోపలికొచ్చాను.
పెళ్లి తప్పినా
విందు తప్పకూడదు కదా.